ఇంటి నుంచే తొడుక్కొచ్చిన శుభ్రం

కాళ్లకు చెప్పులుంటే చాలు, మనిషి పద్ధతిగా ఉన్నట్టే అని లెక్కవేసే రోజులవి. ఆ చెప్పులకు మళ్లీ ఒక తొడుగు కావాలని, అది లేకపోతే సీసాలో ఉన్న అరటి మొక్క చచ్చిపోతుందని ఎవరైనా చెబితే మా ఊళ్లో పడీపడీ నవ్వేవాళ్లు. ఇప్పుడు ఏ ఆసుపత్రి గుమ్మం దగ్గర చూసినా నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు బుట్టల నిండా ఉంటాయి. జనం తొడుక్కుంటారు, పని అయ్యాక పీకి పారేస్తారు, ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. నాకు మాత్రం వాటిని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తొంభైల్లో అంటుకున్న మంట ఇంతవరకూ చల్లారలేదంటే దానికి కారణం ఉండాలి కదా, అది చెబుదామనే కూర్చున్నాను. (చదివాక మీక్కూడా కాస్త మండితే నాకు శాంతి.)

అప్పుడు నేను యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు గారి దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుని. ఎమ్మెస్సీ అయిపోయింది, ఆయన దగ్గరే పీహెచ్‌డీలో చేరాలని ఆశ. ఉద్యోగం ఏడాదికోసారి సారు సంతకం పెడితే కొనసాగేది, పెట్టకపోతే మూటాముల్లె సర్దుకుని మా ఊరి బస్సెక్కడమే. పని ఏమిటంటే, అరటి పిలక లోపలి మొవ్వును గోరంత ముక్కగా కోసి, సీసాలో గడ్డకట్టిన జావ లాంటి ఆహారం మీద పెట్టడం. ముక్క బతికితే అదే సీసాలో బుజ్జి బుజ్జి పిలకలు వేస్తుంది. దీన్నే టిష్యూ కల్చర్ అనేవాళ్లం. (సీసాలంటే విదేశీ గాజు సామాను అనుకునేరు. అన్నీ ఊళ్లోవాళ్లు తిని పారేసిన జామ్ సీసాలే.) వచ్చిన చిక్కల్లా ఆ జావ అరటి ముక్కకెంత ఇష్టమో బూజుకు అంతకు రెట్టింపు ఇష్టం. దుమ్ములో కొట్టుకొచ్చిన బూజు రేణువు ఒక్కటి లోపల పడిందంటే, మర్నాటికి తెల్లటి నూగు, ఆ మర్నాటికి నల్లటి పొడి, నెలల తరబడి పెంచిన మొక్క కాస్తా చెత్తబుట్టపాలు. అందుకని ముక్కలు కోసే గదిని దేవుడి గది కంటే పవిత్రంగా చూసుకునేవాళ్లం.

సారు ఏదో దేశం వెళ్లొచ్చారు. అక్కడి ల్యాబుల్లో షూ కవర్లు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వరని చూసొచ్చారు. వచ్చీరాగానే తార్నాకలో ఒక టైలరు దగ్గరికి నన్ను పంపి, ఆకుపచ్చ గుడ్డతో, చీలమండ దగ్గర ఎలాస్టిక్ వేసి, మా అందరికీ కాలి తొడుగులు కుట్టించారు. టైలరు కొలతలు చూసి, "ఇంత చిన్న దిండు ఎవరిదమ్మా?" అని అడిగాడు. షూ కవర్లన్న పేరే గానీ, లోపల షూ ఉన్నది సారు ఒక్కరికే. మిగతా మేమంతా గది బయట చెప్పులు వదిలి, వరండా చివర పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, వట్టి పాదాలకు ఆ దిండు గలీబులు తొడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లం. నేను మాణికేశ్వర్ నగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. క్యాంపస్ గోడ పక్కనే బస్తీ, రోజూ నడిచే వచ్చేదాన్ని. తొడుగులు ఉతకడానికి ఇంటికి తీసుకెళితే పెద్దమ్మ వాటిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని చూసింది.

"ఏందే ఇవి?"

"కాళ్లకు తొడుక్కునేటియి పెద్దమ్మా. ల్యాబుల దుమ్ము పోకుండ."

"కాళ్లు కడుక్కుంటే పోదా దుమ్ము?"

"కడుక్కున్నంక ఇవి తొడుక్కోవాలె."

"మీ సారుకు పనేం లేదా?" అంది పెద్దమ్మ. అని, వాటిని నా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టింది. ఎందుకని అడిగితే, "ఏమో, పెద్ద సదువు బట్టలాయె" అంది.

తొడుగులు వచ్చాక బూజు తగ్గాలి కదా. పెరిగింది. అంతకు ముందు అక్కడో సీసా, ఇక్కడో సీసా పోయేది, ఇప్పుడు అరలకు అరలే నల్లబడసాగాయి. సారు రోజూ పొద్దున్నే వచ్చి, నిటారుగా నిలబడి సీసాలన్నీ చూసి, నిట్టూర్చి, మా వైపు చూసేవారు. ఆయన నిటారుగా నిలబడడం దర్పంతో కాదు, పాపం. ఆ ఏడాదే నడుముకు ఆపరేషన్ అయింది, చొక్కా కింద వెడల్పాటి పట్టీ ఉండేది, వంగకూడదు. మా వైపు అంటే నా వైపూ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే మా సీనియర్ వైపూ. ఈ సీనియర్‌ను మేం భూతద్దం అన్న అనేవాళ్లం, ఎందుకంటే జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది, క్యాంటీన్‌లో ఉప్మా కూడా దాంతో చూసి గానీ తినేవాడు కాదు. అన్న థీసిస్ చివరి అంకంలో ఉంది. కాబట్టి సారు నిట్టూర్పు తిన్నగా నా మీదకే వచ్చి వాలేది.

ఒకరోజు, "నువ్వు ఎక్కడి నుంచి వస్తున్నావమ్మా?" అని అడిగారు.

"మాణికేశ్వర్ నగర్ నుంచి సార్."

"నడిచేనా?"

"నడిచే సార్."

"ఊఁ" అన్నారు సారు.

ఆ ‘ఊఁ’ ఉంది చూశారూ, దాని గురించి నేను ఇంకో పీహెచ్‌డీ రాయగలను. తిట్టు కాదు, నింద కాదు, పైకి అందులో ఏమీ లేదు. అందుకే ఎదురు చెప్పడానికి కూడా ఏమీ దొరకదు. ఆ రోజు నుంచి నేను పంపు దగ్గర కాళ్లు మోకాళ్ల దాకా సబ్బు పెట్టి రుద్దుకునేదాన్ని. ఆయన ఇంటికి పోయి, ఈ పిల్ల మురికి బస్తీ నుంచి వస్తోంది అనుకుంటారేమోనని, బస్తీ మొత్తం తరఫునా నేనొక్కదాన్నే కడుక్కుంటున్నట్టు కడుక్కునేదాన్ని. రుద్దీ రుద్దీ మడమలు పగిలాయి, బూజు మాత్రం తగ్గలేదు.

ఈలోగా బతుకమ్మ వచ్చింది, నేను సెలవు పెట్టి మా ఊరెళ్లాను. అదే వారం సారు కూడా ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్లారు. భూతద్దం అన్న ఒక్కడే ల్యాబులో ఉన్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఆ వారం పెట్టిన సీసాలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ నలుపు లేదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషం సారు గదిలోకి వచ్చేదాకానే. ఆయన సీసాలు చూశారు, నన్ను చూశారు, అన్నను అడిగారు, "ఈ వారం ల్యాబులో ఎవరు లేరు?"

అన్న నావైపు చూడకుండా, "చెల్లె ఊర్కి పోయింది సార్" అన్నాడు. నిజమే చెప్పాడు. సగం నిజం. ఆ వారం ల్యాబులో లేనివాళ్లలో సారు కూడా ఉన్నారన్న సంగతి సారుకు తట్టలేదు, తట్టినవాళ్లు నోరు విప్పలేదు. మర్నాటి నుంచి నన్ను కోత గదిలోకి రావద్దన్నారు. బయట బల్ల దగ్గర కూర్చుని జామ్ సీసాలు కడగాలి, జావ కాచాలి, అంతే. "కొన్నాళ్లు చూద్దామమ్మా" అన్నారు, ఎంతో మృదువుగా. ఆ మృదుత్వానికే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ అరటి మొక్కలు నేను పెట్టినవి. పొలం నుంచి పిలకలు తెచ్చింది నేను, తొలి ముక్క కోసింది నేను. ఇప్పుడు తలుపుకున్న గాజు పలకలోంచి వాటిని చూస్తూ సీసాలు తోముతున్నాను. పైగా నా ఉద్యోగం పొడిగింపు కాగితం సారు బల్ల మీద ఉంది, ఇంకా సంతకం కాలేదు. సంతకం కాకపోతే ఉద్యోగమే కాదు, పీహెచ్‌డీ ఆశ కూడా అక్కడితో సరి. అది పోయినా ఓర్చుకునేదాన్నేమో, నా కాళ్ల మురికి వల్ల పోయిందన్న పేరు మాత్రం ఓర్చుకోలేను.

అలా సీసాలు తోముతుండగా ఒక ఉదయం సారు ఇంటి నుంచి ఫోను. పొలంవాళ్లు అరటి పిలకల గోనెసంచి నేరుగా ఆయన ఇంటి దగ్గర దింపి పోయారట, ఎవరినైనా పంపమన్నారు. ల్యాబులో పనిలేని మనిషిని నేనే కదా, నన్నే పంపారు. తార్నాకలో లోపలి వీధిలో ఇల్లు, ముందు తులసి కోట, గచ్చంతా అద్దంలా తుడిచి ఉంది. నేను చెప్పులు గేటు దగ్గరే వదిలి గుమ్మం దాకా వెళ్లాను. లోపల సారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు, కాళ్లకు నల్ల బూట్లు. ఆయన భార్య కింద పీట వేసుకుని కూర్చుని, ఆ బూట్ల మీద ఆకుపచ్చ తొడుగులు తొడుగుతున్నారు. మన తొడుగులే. తార్నాక టైలరు దిండు గలీబులే.

"రామ్మా, కూర్చో, కాఫీ ఇస్తాను" అన్నారావిడ. కోస్తా జిల్లాల మనిషి, మాటలో ఆప్యాయత. నేను తొడుగుల వంక గుడ్లప్పగించి చూస్తున్నానని గమనించి, తనే చెప్పారు. "ఏం చెయ్యనమ్మా, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మెత్తటి బూట్లే వేసుకోవాలన్నాడు డాక్టరు, ఇంట్లో కూడా విప్పొద్దన్నాడు. బూట్లతో నా వంటింట్లో, దేవుడి గది ముందు తిరుగుతుంటే ఎలా చూస్తూ ఊరుకోనూ? ఏదో దేవుడి దయ, ఈయన ల్యాబులో ఇవి కుట్టించారు. పొద్దున్నే తొడిగేస్తాను, మళ్లీ రాత్రి పడుకోబోయే ముందే విప్పడం. రోజుకో జత ఉతుకుతానమ్మా. ఒక జత కాలికి, ఒక జత తీగ మీద."

సారు గర్వంగా తల ఊపారు. "మా ల్యాబులో అందరికంటే శుభ్రమైన కవర్లు నావేనమ్మా" అన్నారు.

నాకు అప్పటికి కూడా పూర్తిగా వెలగలేదు. ల్యాబుకు వెళ్లేటప్పుడు గేటు దగ్గర విప్పుతారేమో అనుకున్నాను. విప్పలేదు. గోనెసంచి స్కూటరు ముందు పెట్టించి, దాని మీద రెండు ఆకుపచ్చ పాదాలూ ఆనించి, బటన్ నొక్కి బండి స్టార్ట్ చేసి, "ఎక్కమ్మా, దింపేస్తాను" అన్నారు. ఎక్కాను. అక్కడి నుంచి ల్యాబు దాకా నేను రోడ్డు చూడలేదు, ఆ పాదాలనే చూశాను. గోనెసంచికి పొలం మట్టి అంగుళం మందాన ఉంది. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడితే ఎడమ పాదం దించారు, అక్కడ నిన్నటి వాన నీళ్లు నల్లగా నిలిచి ఉన్నాయి. తోపుడు బండి దగ్గర ఆగి కొత్తిమీర కట్ట తీసుకున్నారు, కింద కుళ్లిన టమాటాలు. క్యాంపస్‌లోకి రాగానే గేదెల మంద ఎదురైంది. అవి నిదానంగా దాటేదాకా రెండు పాదాలూ కిందికి దించి, అవి అప్పుడే వదిలిపెట్టి పోయిన దాంట్లోనే స్థిరంగా ఆనించి, వెనక్కి తిరక్కుండానే నాతో మాట్లాడుతున్నారు. "శుభ్రత అనేది చెబితే వచ్చేది కాదమ్మా. చిన్నప్పటి నుంచి అలవాటుండాలి. మీరు వచ్చిన వాతావరణం వేరు, నేను తప్పు పట్టను."

నేను గోనెసంచిలా కూర్చున్నాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతున్నాను. తప్పు పట్టరట. ఆ పాదాలు అప్పటికి ఎన్ని ఊళ్ల మట్టి మోస్తున్నాయో ఆయనకు కనిపించే వీలు లేదు, వంగితే కదా కనిపించేది.

ల్యాబు చేరాం. నేను చెప్పులు వదిలాను, పంపు దగ్గర కాళ్లు కడిగాను, తుడుచుకున్నాను, తొడుగులు తొడుక్కున్నాను. అన్నీ చేసి, సంచి మోసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేసరికి సారు నేరుగా కోత గదిలోకి వెళ్లిపోయి, నా మొక్కల మధ్య నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యెత్తి, "నువ్వక్కడే ఆగమ్మా, లోపలికి రాకు" అన్నారు.

అంతే. యూనివర్సిటీలో చేరిన దగ్గర్నుంచి ఆచితూచి మాట్లాడిన పుస్తకాల తెలుగంతా ఎటు పోయిందో పోయింది. సంచి కింద పడేసి, మా ఊరి మాటల్లోనే అనేశాను. "సార్, నేను కాళ్లు కడుక్కొని, గీడనే తొడుక్కొని ఒస్తున్న. మీరు ఇంట్ల తొడుక్కొని, తార్నాక అంత తిరిగి, బర్రెల పెండల కాళ్లు వెట్టి, గట్లనే లోపల్కి పోయిన్రు. గా బూజు నా కాళ్లకెట్ల ఒచ్చింది సార్?"

సారు కోపంగా లేరు. నిజంగానే అర్థం కానట్టు చూశారు. "ఇవి రోజూ ఉతికినవేనమ్మా" అన్నారు. అని, కిందికి చూడబోయారు. పట్టీ అడ్డం పడింది. భూతద్దం అన్నను పిలిచి చూడమన్నారు. వీధి అవతలి నుంచి చూసినా కనిపించే పేడను చూడడానికి అన్న జేబులోంచి భూతద్దం తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ పాదం, ఈ పాదం, మడమ, బొటనవేలు, అన్నీ నింపాదిగా పరీక్షించాడు. చివరికి, "కొంచెం డౌట్ కొడుతున్నది సార్" అన్నాడు.

నాకు ఇక తెగింపు వచ్చింది. బూజు ఉందో లేదో తేల్చే పద్ధతి మా దగ్గరే ఉంది కదా. జావ పోసి గడ్డకట్టించిన గాజు పళ్లేలు తెచ్చి, "ముగ్గురం తలా ఒకటి తొక్కుదాం సార్, మూత పెట్టి చూద్దాం" అన్నాను. సారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అది ఆయన గొప్పతనం, కాదనను. (ఆ ఒక్కటే, అక్కడికి.) గోడ పట్టుకుని ఆయన కాలెత్తితే అన్న పళ్లెం పట్టాడు. తర్వాత అన్న తొక్కాడు, తర్వాత నేను. పేర్లు రాసి పెట్టేశాం. ఆ తర్వాత గానీ నాకు భయం పట్టుకోలేదు. నా పళ్లెంలోనూ బూజు లేస్తే? సంతకం పెట్టాల్సిన వారం అదే. సీసాలు తోమే దగ్గర అన్నను నిలదీశాను, "నీకు ముందే తెల్సా అన్నా, సార్ ఇంటి నుంచే తొడుక్కొస్తడని?"

"తెల్సు చెల్లె."

"మరి చెప్పలే?"

"నాకు థీసిస్ ఇచ్చేదున్నది చెల్లె" అన్నాడు అన్న, పక్కకు చూస్తూ.

ఇంటికెళ్లి పెద్దమ్మకు చెబితే, "నువ్వు అబద్ధం ఆడినవా?" అంది. లేదన్నాను. "మరెందుకు వణుకుడు? గాయిన కాకపోతే ఇంకో సారు దొర్కడా?" అంది, సార్లంటే కూరగాయల బండి మీద కుప్ప పోసి ఉంటారన్నట్టు.

పళ్లేలు తెరిచిన రోజు ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. అన్న పళ్లెంలో అక్కడక్కడా బొట్లు. నాదాంట్లో తెల్ల చుక్కలు కొన్ని. (నిజం చెప్పాలి కదా, బొత్తిగా లేకుండా పోలేదు.) సారు పళ్లెంలో మాత్రం ఒక తోట ఉంది. నలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు, పసుపు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూతను పైకి లేపుతున్నాయి. వాసన కూడా వచ్చింది. సారు ఆ నల్లదాన్ని సూదితో తీసి మైక్రోస్కోపు కింద పెట్టించి చూశారు, చెడిపోయిన సీసాలోది తీసి చూశారు, మళ్లీ మొదటిది చూశారు. రెండూ ఒకటేనని అన్నకు తెలిసింది, నాకు తెలిసింది, ఆయనకు అందరికంటే బాగా తెలిసింది. తల ఎత్తి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊఁ" అన్నారు.

పొరపాటు నాదేనమ్మా అంటారని ఎదురుచూశాను. ఇవాళ్టి దాకా ఎదురుచూస్తూనే ఉన్నాను. మర్నాడు తలుపు మీద ఒక నోటీసు అతికించి ఉంది. ఇకపై ఎవరూ ఇళ్ల నుంచి షూ కవర్లు తొడుక్కుని రాకూడదు, అందరూ గుమ్మం దగ్గరే తొడుక్కోవాలి, ఉల్లంఘిస్తే తీవ్రంగా పరిగణిస్తాం. ఎవరూ అట, అందరూ అట. నేనూ అన్నా రోజూ ఆకుపచ్చ కాళ్లతో మాణికేశ్వర్ నగర్ నుంచీ మెట్టుగూడ నుంచీ ఊరేగుతూ వస్తున్నట్టు. ఆ నోటీసు చదివి నేను ఎంతసేపు ఊగిపోయానో నాకే తెలియదు. కానీ నన్ను లోపలికి రానిచ్చారు, కాగితం మీద సంతకమూ అయింది, కాబట్టి నోరు మూసుకుని నా మొక్కల దగ్గరికి వెళ్లిపోయాను.

అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ నోటీసు ఇచ్చిన మనిషికే దాన్ని పాటించే వీలు లేదు. గుమ్మం దగ్గర తొడుక్కోవాలంటే వంగాలి. ఇంట్లో అయితే భార్య ఉన్నారు. ఇక్కడ ఎవరున్నారు? అన్న సరిగ్గా సారు వచ్చే వేళకు లైబ్రరీకి మాయమయ్యేవాడు. నేను ఆ కాళ్ల దగ్గర కూర్చోనని మనసులో ఒట్టేసుకున్నాను, ప్రాణం పోయినా సరే. దాంతో సారు తొడుగులు చేత్తో పట్టుకుని తలుపు బయట నిలబడి, గాజు పలకలోంచి మొక్కల్ని చూస్తూ ఉండిపోయేవారు. సరిగ్గా నేను నిలబడ్డ చోటే. ఒక్కరోజు చూసి బాగా అయ్యిందనుకున్నాను. రెండో రోజు కూడా అలాగే అనుకున్నాను, కాస్త తక్కువగా. ఆ తర్వాత ఆయన ఆ అద్దానికి ముక్కు ఆనించి, "ఆ మూడో అర చివర సీసా కొంచెం ఇటు తిప్పమ్మా" అని చేత్తో సైగ చేస్తుంటే నాకు పని సాగలేదు. జాలి అనుకోకండి, చిరాకు.

జామ్ సీసాలు వచ్చే అట్టపెట్టె ఒకటి తీసుకుని, జానెడు ఎత్తున కోశాను. తొడుగును దాంట్లో పరిచి, ఎలాస్టిక్ నోరు నాలుగు వైపులా సాగదీసి, పెట్టె అంచులకు బట్టల క్లిప్పులతో బిగించాను. అలాంటివి రెండు, పక్కపక్కన. కాలు తిన్నగా అందులో పెట్టి తొక్కితే చాలు, క్లిప్పులు టపటపా ఊడిపోయి ఎలాస్టిక్ చీలమండకు అతుక్కుంటుంది. వంగక్కర్లేదు, ఎవరూ ఎవరి కాళ్ల దగ్గరా కూర్చోనక్కర్లేదు. సారు వచ్చేసరికి గుమ్మం ముందు పెట్టి, "తొక్కండి సార్" అన్నాను. ఆయన అనుమానంగా కుడి కాలు పెట్టారు. టప్. ఎడమ కాలు పెట్టారు. టప్. అంతటి ప్రొఫెసరూ చిన్నపిల్లాడిలా నవ్వి, విప్పేసి, నాచేత మళ్లీ క్లిప్పులు పెట్టించి, ఇంకోసారి తొక్కారు. (విప్పడానికి మాత్రం ఒక కాలితో ఇంకో మడమ తొక్కిపట్టి లాగేసేవారు.) ఆ తర్వాత డిపార్టుమెంటు మీటింగులో, "మా ల్యాబులో వంగకుండా కవర్లు తొడుక్కునే పద్ధతి ఒకటి కనిపెట్టాం" అని చెప్పారట. కనిపెట్టాం అట. అన్నే వచ్చి చెప్పాడు, అదీ నవ్వుతూ.

సారు భార్య మాత్రం కబురు పంపారు. జరిగిందంతా సారే ఇంట్లో చెప్పారట, ఎలా చెప్పారో ఎంత చెప్పారో తెలియదు. ఆవిడకు అరటి మొక్కల గొడవ పట్టలేదు. ఇన్నాళ్లూ తాను ఉతికింది ల్యాబు మట్టి అనుకున్నారట. తార్నాక రోడ్డంతా తన దేవుడి గది ముందు తిరిగిందన్న సంగతి తెలిసి ఇల్లంతా కడిగించుకున్నారు. గోంగూర పచ్చడి సీసా పంపుతూ, మా గుమ్మానికి కూడా అలాంటి పెట్టె ఒకటి చేసిపెట్టమ్మా అని అడిగారు. చేశాను. ఆవిడ కోసం చేశాను.

ఇప్పుడు నేనూ రిటైర్మెంటుకు దగ్గర పడ్డాను, మోకాళ్లు వంగవు. ఈ మధ్య మా చెల్లెలికి ఆపరేషన్ అయితే మా అమ్మాయిని వెంటబెట్టుకుని తార్నాక దాటి ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఐసీయూ తలుపు దగ్గర ఒక యంత్రం ఉంది. కాలు పెట్టి తొక్కితే చాలు, టప్‌మని నీలం తొడుగు పట్టేస్తుంది. నాకు పాదాల నుంచి నడినెత్తి దాకా మంట పాకింది. అక్కడున్న సెక్యూరిటీ అబ్బాయితో, "బాబూ, ఇది నేను ఎప్పుడో అట్టపెట్టెతో చేశాను" అన్నాను. ఆ అబ్బాయి ముఖం విప్పారింది. "కంపెనీ నుంచి ఒచ్చిన్రా మేడం? గా రెండో మిషిను పొద్దటి నుంచి పని చేస్తలేదు, జర చూడున్రి" అన్నాడు.

చెల్లెల్ని చూసి, కుదురుగానే ఉందని మనసు తేలికపడి, అమ్మాయితో కలిసి ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగడానికి బయటికొచ్చాను. కాలి కింద వాన నీళ్లు, బురద, ఆటోలు. నేను అమ్మాయికి ఈ కథంతా మొదటి నుంచీ చెబుతున్నాను, సారు పాదాలు గేదెల పేడలో దించిన దగ్గరికి వచ్చాను, గొంతు పెరిగింది, టీ బండి అతను కూడా వింటున్నాడు. అమ్మాయి మధ్యలో నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీ కాళ్లు చూసుకో."

చూడబోయాను. వంగడం ఎక్కడిది. కొంగు పక్కకు జరిపి, మెడ వంచి, బురదలో రెండు నీలం కొసలు కనిపించేదాకా చూశాను.

"ఇప్పుడే కదే తొడుక్కున్నా, శుభ్రంగానే ఉన్నయి" అన్నాను.

అమ్మాయి గ్లాసు చేత్తో పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ నన్నే చూస్తోంది. ఆ మాట అంతకు ముందు ఎవరి నోట విన్నానో నాకూ అప్పటికి గుర్తొచ్చేసింది. రోడ్డు వైపు తిరిగి, "ఊఁ" అన్నాను.